వాణిజ్య ఒప్పందంలో పర్యావరణ అధ్యాయం: మాట ఎక్కడ, పట్టు ఎక్కడ

రెండేళ్ల వ్యవధిలో భారతదేశం మూడు పెద్ద వాణిజ్య ఒప్పందాలను కొలిక్కి తెచ్చింది. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీచెన్‌స్టైన్‌ల కూటమి అయిన ఎఫ్టాతో 2024 మార్చి 10న కుదిరిన ఒప్పందం 2025 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది. బ్రిటన్‌తో 2025 జులై 24న సంతకాలు జరిగాయి. 2007లో మొదలై, 2013లో ఆగిపోయి, 2022లో మళ్లీ పట్టాలెక్కిన ఐరోపా సమాఖ్య చర్చలు ముగిశాయని 2026 జనవరి 27న ప్రకటన వెలువడింది. సుంకాల పట్టికలతో పాటు ఈ మూడింటిలోనూ పర్యావరణానికి, సుస్థిరాభివృద్ధికి సంబంధించిన అధ్యాయం ఉంది. దీనిపై హైదరాబాద్ చుట్టుపక్కల మందుల పరిశ్రమలో ఒక భయం వినిపిస్తోంది: ఇకపై పటాన్‌చెరు, జీడిమెట్ల ఫ్యాక్టరీల వ్యర్థజలాల విషయంలో విదేశీ ప్రభుత్వాలు జోక్యం చేసుకుంటాయని. కాలుష్యంతో విసిగిన గ్రామాల తరఫున మాట్లాడేవారికి సరిగ్గా అదే ఒక ఆశ. అధ్యాయాల్లోని భాషను చదివితే ఆ భయానికీ ఈ ఆశకూ ఆధారం తక్కువగానే కనిపిస్తుంది.

క్లుప్తంగా: భారత్ ఇప్పటివరకు ఒప్పుకున్న పర్యావరణ అధ్యాయాలు సంప్రదింపులకు, సహకారానికి దారి చూపుతాయి కానీ శిక్షలకు కాదు. ఎగుమతిదారుపై అసలు ఒత్తిడి ఒప్పందం వెలుపలి నుంచి, అంటే దిగుమతి దేశం సొంతంగా చేసుకున్న చట్టాల నుంచి, కొనుగోలుదారు పెట్టే షరతుల నుంచి వస్తుంది. మందులు, పచ్చి కాఫీ, ఉక్కు వంటి సరుకులపై ఐరోపా సాధారణ సుంకం ముందునుంచే దాదాపు సున్నా కాబట్టి, వాటి విషయంలో పర్యావరణ షరతే సుంకం స్థానాన్ని ఆక్రమిస్తోంది.

అధ్యాయంలో సాధారణంగా ఏముంటుంది

వాణిజ్య ఒప్పందానికి పర్యావరణ హామీలను జతచేసే ఆనవాయితీ 1994లో అమల్లోకి వచ్చిన ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం నాఫ్టాతో బలపడింది. మెక్సికోలో చట్టాల అమలు సడలుగా ఉన్నందున అమెరికా ఫ్యాక్టరీలు సరిహద్దు దాటిపోతాయన్న ఆందోళనను చల్లార్చడానికి, ప్రధాన ఒప్పందం పక్కన విడిగా ఒక పర్యావరణ సహకార ఒప్పందం రాసుకున్నారు. ఏ దేశమైనా తన పర్యావరణ చట్టాన్ని తానే అమలు చేయడం లేదని పౌరులు ఫిర్యాదు చేసుకునే వీలు కల్పిస్తూ మాంట్రియల్‌లో ఒక కమిషన్ ఏర్పాటైంది. ఆ కమిషన్ విచారించి వాస్తవాల నివేదిక రాయగలదు. అంతకు మించి దానికి అధికారం లేదు.

ఆ తరువాత వచ్చిన ఒప్పందాల్లో ఈ హామీలు ప్రధాన ఒప్పందంలోకే చేరాయి. వాటి సారం ఇంచుమించు ఒకటే. తన రక్షణ ప్రమాణాన్ని తానే నిర్ణయించుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంటుంది. వాణిజ్యాన్నో పెట్టుబడినో ఆకర్షించడానికి ఉన్న చట్టాన్ని బలహీనపరచరాదు. పారిస్ వాతావరణ ఒప్పందం వంటి అంతర్జాతీయ ఒడంబడికల్లో ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి. ఇవన్నీ ఎలా సాగుతున్నాయో మాట్లాడుకోవడానికి ఉమ్మడి కమిటీ ఉండాలి. దీని ప్రకారం స్విట్జర్లాండ్ ప్రమాణాలను భారత్ పాటించనవసరం లేదు. భారత్ తన ప్రమాణాలను తాను పాటించాలి. చర్చల్లో ఎక్కువగా మరుగున పడేది ఈ తేడాయే.

భారత్ ఎందుకు వద్దంది, ఎందుకు ఒప్పుకుంది

1992 రియో ప్రకటన ఏడో సూత్రం, పర్యావరణం పాడుకావడంలో అందరి పాత్రా ఒకటి కాదు కాబట్టి బాధ్యతలు కూడా ఒకే స్థాయిలో ఉండవని చెబుతుంది. పన్నెండో సూత్రం, పర్యావరణం పేరిట ఏకపక్ష వాణిజ్య ఆంక్షలకు దిగకూడదంటుంది. భారత ప్రతినిధులు ప్రపంచ వాణిజ్య సంస్థలో దశాబ్దాలుగా నిలబడింది ఈ రెండింటి మీదనే. పర్యావరణం గురించి మాట్లాడాల్సిన వేదికలు వేరే ఉన్నాయని, వాణిజ్య ఒప్పందంలోకి దాన్ని తెస్తే అది ధనిక దేశాల చేతిలో ముసుగేసిన సుంకం అవుతుందని వాదన.

ఆ వాదన గాలిలోంచి పుట్టింది కాదు. రొయ్యల వలల్లో సముద్ర తాబేళ్లు చిక్కుకుని చనిపోకుండా, అవి తప్పించుకునే పరికరం వలకు అమర్చని దేశాల నుంచి సముద్రపు రొయ్యను కొనకూడదని అమెరికా చట్టం చేసినప్పుడు భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేశాయి. 1998లో వచ్చిన అప్పిలేట్ తీర్పును అమెరికా ఓటమిగా చాలామంది గుర్తుంచుకున్నారు. నిజానికి ఆ తీర్పు, అంతరించిపోయే జీవుల రక్షణకు దిగుమతి ఆంక్ష పెట్టడం సుంకాలపై ప్రపంచ ఒప్పందమైన గ్యాట్ 20వ అధికరణ కింద సాధ్యమేనని చెప్పి, దేశాల మధ్య వివక్ష చూపిన అమలు తీరును మాత్రమే తప్పుపట్టింది. అమెరికా తన పద్ధతిని సరిదిద్దుకున్న తరువాత, 2001లో మలేషియా వేసిన తదుపరి సవాలు నిలవలేదు. ఆ చట్టం ఇప్పటికీ ఉంది. దాని కింద 2019 నుంచి భారత సముద్రపు రొయ్యకు అమెరికా మార్కెట్ మూసుకుపోయింది. చెరువుల్లో పెంచే వనామీకి ఇది వర్తించదు కాబట్టి గోదావరి, కృష్ణా జిల్లాల రైతులకు దెబ్బ తగల్లేదు. దెబ్బ పడింది విశాఖ వంటి రేవుల నుంచి వేటకు వెళ్లే బోట్ల మీద.

అప్పుడు వద్దన్న దేశం 2024లో ఎఫ్టాతో మొదటిసారి సుస్థిరాభివృద్ధి అధ్యాయానికి ఎందుకు అంగీకరించింది? బదులుగా వచ్చిన దాని విలువ ఒక కారణం: 15 ఏళ్లలో 10,000 కోట్ల డాలర్ల పెట్టుబడి లక్ష్యాన్ని ఎఫ్టా దేశాలు ఒప్పందంలోనే రాసిచ్చాయి. రెండో కారణం అధ్యాయం నిర్మాణంలోనే ఉంది. ఎఫ్టా, బ్రిటన్ ఒప్పందాలు రెండింటిలోనూ పర్యావరణ హామీలను వివాద పరిష్కార వ్యవస్థ పరిధి నుంచి తప్పించారు. హామీ తప్పితే సంప్రదింపులు జరుగుతాయే తప్ప ట్రిబ్యునల్ ఉండదు, ప్రతీకార సుంకం ఉండదు.

‘బలహీనపరచరాదు’ అన్న మాటకు ఎంత బరువు

వివాద వ్యవస్థకు లోబడి ఉన్న ఒప్పందాల్లో కూడా ఈ నిబంధనను రుజువు చేయడం కష్టం. గ్వాటెమాల తన కార్మిక చట్టాలను అమలు చేయడం లేదని అమెరికా తెచ్చిన వివాదం ఇందుకు నిదర్శనం. అది కార్మికుల విషయమైనా, పర్యావరణ అధ్యాయాల్లో వాడే పదజాలం అదే. 2017లో ఇచ్చిన నిర్ణయంలో ప్యానెల్, చట్టం అమలులో లోపాలున్నాయని ఒప్పుకుంటూనే, అవి ‘వాణిజ్యాన్ని ప్రభావితం చేసే రీతిలో’ జరిగాయని నిరూపణ కాలేదంది. అమెరికా ఓడిపోయింది. ఆ పాఠం నేర్చుకున్నందువల్లే, నాఫ్టా స్థానంలో 2020 జులై 1న వచ్చిన కొత్త ఒప్పందంలో రుజువు భారాన్ని తిరగేశారు: లోపం ఉంటే వాణిజ్యంపై ప్రభావం ఉన్నట్టే భావించాలి, లేదని ఎదుటి పక్షమే చూపాలి.

ఈ గీటురాయిని మన దేశంలోని ఒక నిర్ణయానికి పెట్టి చూడవచ్చు. 2020 మార్చి 27న, కోవిడ్ మొదటి రోజుల్లో, కేంద్ర పర్యావరణ శాఖ బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ప్రాజెక్టులను పర్యావరణ అనుమతుల్లో బీ2 తరగతిలోకి మార్చింది. ఆ తరగతిలో ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదు. మందుల కొరత రాకూడదన్నది చెప్పిన కారణం, తాత్కాలికమన్నది చెప్పిన షరతు. ఆ తరువాత గడువు పొడిగించారు. ఇప్పటి అధ్యాయాలు అప్పుడే అమల్లో ఉండి ఉంటే ఏమయ్యేది? ఇది పెట్టుబడి కోసం చేసిన సడలింపా, ప్రజారోగ్య అత్యవసరమా అన్న వాదన జరిగేది. ఉద్దేశాన్ని నిరూపించాల్సిన చోట వాదన అక్కడితోనే ఆగిపోతుంది. ఏ రకంగా చూసినా ఆ ఉత్తర్వు చెల్లుబాటును ప్రశ్నించడానికి వాణిజ్య ఒప్పందం కంటే జాతీయ హరిత ట్రిబ్యునలే దగ్గరి దారి.

అలాగని కోరలు లేని అధ్యాయం వృథా అనడానికి లేదు. ఐరోపా–దక్షిణ కొరియా ఒప్పందంలో ఆంక్షలకు తావు లేకపోయినా, 2021 జనవరిలో నిపుణుల ప్యానెల్ కార్మిక హక్కులపై ఇచ్చిన నివేదిక కొరియాలో చట్టం మార్చాలన్న ఒత్తిడిని పెంచింది. ఆ ఏడాదే కొరియా మూడు అంతర్జాతీయ కార్మిక ఒడంబడికలను ఆమోదించింది. పెరూ విషయంలో ఫలితం ఇంకా నేరుగా వచ్చింది. అమెరికాతో 2009లో అమల్లోకి వచ్చిన ఒప్పందానికి అడవులపై ప్రత్యేక అనుబంధం ఉంది. కలపను తనిఖీ చేసే స్వతంత్ర సంస్థను పెరూ ప్రభుత్వం ఒక మంత్రిత్వశాఖ కిందికి తెచ్చినప్పుడు, అమెరికా 2019 జనవరిలో సంప్రదింపులకు పిలిచింది. కొద్ది నెలల్లోనే పెరూ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. ఆ అనుబంధం పనిచేసింది గంభీరమైన ఆశయాలు రాసినందుకు కాదు. ఫలానా సంస్థ, ఫలానా అధికారం, ఫలానా తనిఖీ అని పేరు పెట్టి రాసినందుకు. భారత్ ఒప్పుకున్న అధ్యాయాల్లో అలాంటి నిర్దిష్టత కనిపించదు.

సుంకం ముందే సున్నా అయిన చోట

తెలుగు రాష్ట్రాల నుంచి ఐరోపాకు వెళ్లే సరుకులను ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి. ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడుతున్న కాలంలోనే ధనిక దేశాలు తమలో తాము కుదుర్చుకున్న అవగాహన వల్ల ఐరోపాలో మందులపై సుంకం చాలావరకు లేదు. వేయించని కాఫీ గింజలపై లేదు. ఉక్కు రకాల్లో అత్యధిక భాగంపై సాధారణ సుంకం లేదు. సుంకం తగ్గింపు వల్ల నిజంగా ఊరట దక్కే సరుకు రొయ్య. కాబట్టి అరకు కాఫీ రైతుకో, సంగారెడ్డి జిల్లా మందుల ఫ్యాక్టరీకో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కొత్తగా తెరిచే ద్వారం చిన్నది. వారి ముందున్న ద్వారం వేరు, దాని తాళం ఒప్పందంలో లేదు.

కాఫీ సంగతే చూద్దాం. ఐరోపా సమాఖ్య అటవీ నిర్మూలన నిరోధక చట్టం పశువులు, కోకో, కాఫీ, పామాయిల్, రబ్బరు, సోయా, కలప అనే ఏడు సరుకులకు వర్తిస్తుంది. 2020 డిసెంబర్ 31 తరువాత అడవి నరికిన నేలలో పండిన సరుకును ఆ మార్కెట్లో అమ్మకూడదు. అందుకు రుజువుగా ప్రతి కమతం ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో చూపాలి. నాలుగు హెక్టార్ల లోపు అయితే ఒక బిందువు చాలు, అంతకు మించితే హద్దులన్నీ గీయాలి. 2025 మేలో విడుదలైన జాబితాలో భారత్‌ను తక్కువ ప్రమాదం ఉన్న దేశాల్లో చేర్చారు కాబట్టి తనిఖీలు తేలికగా ఉంటాయి. అరకులో చెట్ల నీడన, ఎకరా రెండెకరాల్లో కాఫీ పండించే ఆదివాసీ కుటుంబానికి ఉపగ్రహ చిత్రం అడ్డంకి కాబోదు. చిక్కు రెండో షరతుతో వస్తుంది. సరుకు ఉత్పత్తి అయిన దేశపు చట్టాలకు, అందులో భూమిపై హక్కుల చట్టాలకు కూడా, లోబడి పండి ఉండాలని ఆ చట్టం కోరుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా ఇంకా చేతికి రాని పోడు రైతు, ఒక్క చెట్టు కొట్టకపోయినా, కాగితం లేక ఆగిపోయే అవకాశం ఉంది. అంటే బ్రస్సెల్స్‌లో చేసిన చట్టం పాడేరు ఐటీడీఏ దగ్గర పెండింగ్‌లో ఉన్న దరఖాస్తు మీద ఆధారపడుతుంది.

ఉక్కు లెక్క

ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు అనే ఆరు రంగాలకు ఐరోపా సమాఖ్య తెచ్చిన కార్బన్ సరిహద్దు సర్దుబాటు (సీబీఏఎం), అంటే దిగుమతి సరుకు తయారీలో వెలువడిన కార్బన్‌కు ధర కట్టించే పద్ధతి, 2023 అక్టోబర్ నుంచి వివరాల సేకరణగా నడిచి 2026 జనవరి 1 నుంచి చెల్లింపు దశలోకి వచ్చింది. దీన్ని భారత ఎగుమతిదారుపై పన్ను అనడం వాడుకలో ఉన్నా, ఆ కార్బన్‌కు సరిపడా సర్టిఫికెట్లు కొనాల్సింది ఐరోపాలోని దిగుమతిదారు. ఆ ఖర్చును అతను బేరంలో ఎగుమతిదారు వైపు నెట్టుతాడు; ఎంత నెట్టగలడన్నది మార్కెట్లో ఎవరి అవసరం ఎక్కువన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఉదాహరణకు టన్ను ఉక్కుకు 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడిందని, సర్టిఫికెట్ ధర 80 యూరోలని అనుకుంటే, పూర్తి భారం 200 యూరోలు. కానీ ఇది మొదటి ఏడాదే పడదు. ఐరోపాలోని సొంత ఫ్యాక్టరీలకు ఇంతకాలం ఉచితంగా ఇస్తున్న ఉద్గార కోటాను 2026లో 2.5 శాతం మేర కోసి, ఏటా కోత పెంచుతూ 2034కి పూర్తిగా ఎత్తేస్తారు. దిగుమతికీ అదే నిష్పత్తిలో మినహాయింపు తగ్గుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. మినహాయింపు ఇచ్చేది ఐరోపా నిర్ణయించిన ప్రామాణిక ఉద్గార స్థాయి వరకే. ఆ స్థాయి దాటిన ప్రతి కిలోకూ మొదటి ఏడాది నుంచే పూర్తి ధర. బొగ్గుతో నడిచే బ్లాస్ట్ ఫర్నేసులున్న విశాఖ ఉక్కు వంటి కర్మాగారాలకు ఇది ప్రతికూలం. తుక్కు కరిగించే ఫర్నేసులకు మాత్రం లెక్క వేరు: ఉక్కు విషయంలో ప్రస్తుతం నేరుగా వెలువడే ఉద్గారాలనే లెక్కిస్తున్నారు, వాడిన కరెంటు వెనకున్న బొగ్గును కాదు. బొగ్గు కరెంటుతో కరిగించిన తుక్కు ఉక్కు కాగితంపై శుభ్రంగా కనిపించడం ఈ పద్ధతిలోని వింత.

ఎగుమతి దేశంలో ఇప్పటికే కార్బన్ ధర చెల్లించి ఉంటే దాన్ని తీసివేస్తారు. అందుకే 2023లో నోటిఫై చేసిన భారత కార్బన్ క్రెడిట్ వ్యాపార పథకంపై ఆశలున్నాయి. అయితే అది టన్ను ఉత్పత్తికి ఇంత ఉద్గారం అన్న లక్ష్యంతో నడుస్తుంది. లక్ష్యం అందుకున్న కంపెనీ చెల్లించేది ఏమీ ఉండదు, చెల్లించనిది తీసివేయడానికీ ఉండదు. 2010లో టన్నుకు 50 రూపాయలతో మొదలై 2016కి 400కు చేరిన బొగ్గు సెస్సు అక్కరకు వచ్చేదేమో అనిపించవచ్చు. దాన్ని విధించింది బొగ్గు బరువు మీదే కానీ ఉద్గారాల మీద కాదు. పైగా 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ మార్పులతో అది రద్దయింది.

ఈ సరిహద్దు భారం నుంచి మినహాయింపు కావాలని భారత్ రెండు చర్చల్లోనూ అడిగింది. బ్రిటన్ ఒప్పందంలో అది దక్కలేదు. ఐరోపా సమాఖ్యతో, మరే దేశానికైనా వెసులుబాటు ఇస్తే అది భారత్‌కూ వర్తించాలన్న హామీ వరకు వచ్చి ఆగింది.

పటాన్‌చెరు నీళ్లు ఏ పట్టికలో ఉన్నాయి

2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం, దాదాపు 90 బల్క్ డ్రగ్ యూనిట్ల వ్యర్థజలాలను శుద్ధి చేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని చూపింది. అది రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువ. అలాంటి నీటిలో మందుకు లొంగని సూక్ష్మజీవులు తయారవుతాయి, అవి ఎల్లలు దాటుతాయి. ఆ నీరు చేరిన నక్కవాగు సంగతి ఐరోపా పత్రికల దాకా వెళ్లడానికి కారణం అదే. ఆ తరువాత చాలా యూనిట్లు చుక్క నీరు బయటికి వదలని పద్ధతికి మారాయి. కానీ వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషం ఎంత దాటకూడదన్న దానికి చట్టబద్ధమైన సంఖ్య లేదు. 2020 జనవరి ముసాయిదాలో కేంద్రం అలాంటి పరిమితులు ప్రతిపాదించి, 2021 ఆగస్టు తుది నోటిఫికేషన్‌లో వాటిని తొలగించింది.

‘మీ చట్టాన్ని మీరు బలహీనపరచకండి’ అన్న వాణిజ్య నిబంధన ఇక్కడ ఏమీ చేయలేదు. చట్టంలో లేని సంఖ్యను బలహీనపరచడం సాధ్యం కాదు కదా.

ఆ ఖాళీని పూరిస్తున్నవి ఇతర మార్గాలు. యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబర్‌లో మొదటిసారి మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటికి చట్టబలం లేదు. కానీ కొనుగోలుదారు షరతుల్లోకి చేరితే వాటి విలువ మారుతుంది. నార్వే ఆసుపత్రుల ఉమ్మడి కొనుగోళ్ల వ్యవస్థ 2019 నుంచే యాంటీబయాటిక్ టెండర్లలో తయారీదారు పర్యావరణ పద్ధతులకు మార్కులు వేస్తోంది. ఎఫ్టా ఒప్పందంలోని అధ్యాయం కంటే ఆ టెండరు పత్రమే హైదరాబాద్ కంపెనీకి త్వరగా తగులుతుంది.

ఐరోపా సమాఖ్య 2024లో సవరించిన పట్టణ మురుగునీటి ఆదేశం మరో రకం. పెద్ద నగరాల మురుగు నుంచి మందుల అవశేషాలను తొలగించే అదనపు శుద్ధికి అయ్యే ఖర్చులో కనీసం 80 శాతం మందుల, సౌందర్య సాధనాల కంపెనీలు భరించాలని అది చెబుతుంది. దిగుమతి సరుకుకూ ఇది వర్తిస్తుంది. తక్కువ లాభంతో అమ్ముడయ్యే జనరిక్ మందులకు ఇది గణనీయమైన భారం. ఆ సొమ్ముతో శుభ్రపడేది మాత్రం అక్కడి నదులే. తయారైన చోటి నీటి గురించి ఆ ఆదేశంలో పట్టింపు లేదు.

ముందున్న ప్రభావాలు

ఇలాంటి షరతులకు పరిశ్రమ సాధారణంగా చూపే మొదటి ప్రతిస్పందన విభజన. ఒకే సంస్థ తన శుభ్రమైన యూనిట్ సరుకును కఠిన మార్కెట్‌కు, మిగతాది స్వదేశానికో షరతులు లేని దేశాలకో మళ్లిస్తుంది. మొత్తం ఉద్గారం తగ్గదు, గమ్యం మారుతుంది. రెండో ప్రభావం చిన్న సంస్థలపై పడేది. సీబీఏఎం కింద అసలు కొలతలు చూపలేనివారికి ఐరోపా తానే అంచనా విలువను అంటగడుతుంది. అది ఉద్దేశపూర్వకంగానే ఎక్కువగా ఉంటుంది. కొలిచే పరికరాలు, గుర్తింపు పొందిన తనిఖీదారు ఫీజు పెద్ద కంపెనీకి లెక్కలోకి రావు. ఒక్క రియాక్టర్ల షెడ్డుతో నడిచే యూనిట్‌కో, వందల మంది రైతుల కాఫీ కలిపి అమ్మే సహకార సంఘానికో అవే ప్రధాన ఖర్చు.

దీనికి ఎదురు వైపున మరో వాస్తవం ఉంది. బల్క్ డ్రగ్స్‌లో భారత్ చైనాపై ఆధారపడటం సుమారు 70 శాతమని చెబుతారు. గత దశాబ్దంలో చైనా తన కాలుష్య ఫ్యాక్టరీలపై కఠినంగా వ్యవహరించినప్పుడు ముడిపదార్థాల ధరలు పెరిగి ఆ వేడి హైదరాబాద్‌కూ తాకింది. అలా ఆధారపడటాన్ని తగ్గించడానికి కేంద్రం 2020లో 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం తెచ్చింది. అంటే అత్యధికంగా వ్యర్థజలాలు వెలువడే తయారీ దశలనే, ఐరోపా కొనుగోలుదారు వాటిపై ప్రశ్నలు పెంచుతున్న సమయంలో, మన నేలకు ఆహ్వానిస్తున్నాం.

ఎగుమతిదారులు క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోవాల్సిన తేదీలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. రెండుసార్లు వాయిదా పడిన అటవీ నిర్మూలన చట్టం పెద్ద, మధ్యతరహా కంపెనీలకు 2026 డిసెంబర్ 30న, చిన్నవాటికి 2027 జూన్ 30న వర్తిస్తుంది. బ్రిటన్ సొంత కార్బన్ సరిహద్దు పన్ను 2027 జనవరి 1న మొదలవుతుంది. 2026లో ఐరోపాలో దిగిన ఉక్కు, సిమెంటు, అల్యూమినియంలకు సర్టిఫికెట్ల అమ్మకం 2027 ఫిబ్రవరిలో ప్రారంభమవుతుంది. ఈ తేదీల్లో ఏదీ భారత్ సంతకం చేసిన వాణిజ్య ఒప్పందంలో రాసి లేదు.